గిబ్బన్ తాడుకు ఉల్టా ముడి

ఆ ఫొటోలో నేను చూడాల్సింది చేతులు మాత్రమే. తోకలేని, పొడుగు చేతుల కోతి ఒకటి తాడు పట్టుకుని వేలాడుతోంది. దాన్ని గిబ్బన్ అంటారు. చేతులూ పాదాలూ తెల్లగా ఉంటే ఒక జాతి, నల్లగా ఉంటే ఇంకో జాతి. ఫొటో పెట్టినావిడ "గిబ్బన్, ఏ జాతో తెలియదు" అని రాసి వదిలేసింది. తేల్చాల్సిన పని నాది.

ప్రపంచంలో ఏ జూలో ఏ జాతి కోతి ఉందో రాసిపెట్టే జాబితా ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. ఆఫీసు లేదు, జీతం లేదు. ఇష్టమున్నవాళ్లు తలా కొన్ని దేశాలు పంచుకుని, జూకు వెళ్లినవాళ్లు పెట్టిన ఫొటోలు చూసి జాతి గుర్తుపట్టి రాస్తారు. కోరుట్ల డిగ్రీ కాలేజీలో మాకు జువాలజీ చెప్పిన ప్రేమలత మేడం నన్ను అందులో చేర్పించింది. డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం రాలేదు. మేడిపల్లిలో అవ్వతో, అంటే మా అమ్మతో కలిసి బీడీలు చుడుతున్నాను గానీ జాబితా మాత్రం వదల్లేదు. ఒళ్లో చేట, చేటకు ఆనించి ఫోను. వాడకట్టంతా నాకు కోతుల సుస్మిత అని పేరు పెట్టింది. మక్కజొన్న చేన్లను కోతులు పీకి పారేసినప్పుడల్లా ఎవరో ఒకరు మా వాకిట్లో ఆగి, "ఓ సుస్మితా, గీ కోతులను గూడ నీ జూకు తోలియ్యరాదే" అంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ముందుగాల నీ పేరే రాసి పంపిస్త" అంటాను.

దేశాలు పంచుకునేటప్పుడు అందరూ పేరున్న పెద్ద జూలు కోరుకున్నారు. గల్ఫ్‌లో షేకులు సొంత తోటల్లో పెంచుకునే జంతువుల సంగతి ఎవరికీ పట్టలేదు. అవి నేను అడిగి మరీ తీసుకున్నాను. ఎందుకో మేడంకు కూడా చెప్పలేదు. మా బాపు, అంటే మా నాన్న, పోయింది అక్కడికే. మూడేళ్ల కింద దీపావళి ముందు ఫోన్ చేసి, "కంపెనీ బందైంది బిడ్డా, వేరే కాడికి పోతున్న, పోయినంక ఫోన్ చేస్త" అన్నాడు. మళ్లీ ఫోను రాలేదు. సెలవు మీద ఊరికి వచ్చిన ప్రతి మనిషినీ అడిగాం, ఎవరూ చూడలేదన్నారు. ఆ ఇసుక, ఆ ఇనుప కంచెలు ఫొటోల్లో చూస్తుంటే బాపు ఆ పక్కనే ఎక్కడో నడుస్తున్నట్టు ఉండేది నాకు. మూలన ఎవరైనా పనివాడు కనిపిస్తే పెద్దగా చేసి చూసేదాన్ని. ఒక్కడు కూడా బాపు కాలేదు.

ఆ బుధవారం పొద్దున గిబ్బన్ చేతులను పెద్దగా చేశాను. ఎండ పడి తెలుపో బూడిద రంగో తేలలేదు. ఇంకాస్త పెద్దగా చేశాను. చేతులకు జానెడు పైన, తాడును మొద్దుకు బిగించిన చోట ముడి కనిపించింది. నా ఒళ్లో చేట జారి తంబాకంతా నేలపాలైంది.

ఆ ముడి నాకు తెలుసు.

మా బాపు ఎల్లన్న గౌండ్లాయన, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడును మోకు అంటారు. ఎక్కే మనిషి ప్రాణం దాని ముడి మీదే ఉంటుంది. బాపుకు చెట్టెక్కడం నేర్పింది ముస్తాబాద్‌లో ఉండే ఆయన మేనమామ, మా నర్సింగం తాత. తాతది పుర్రచెయ్యి, ఎడమచేతి వాటం. బాపుది కుడిచెయ్యే. కానీ చిన్నప్పటి నుంచి మామ చేతులు చూసి చూసి, ముడి మాత్రం మామలాగే ఎడమకు తిప్పి వేయడం అలవాటైంది. కుడిచేత్తో ఎడమ ముడి వేస్తే కుదురుగా రాదు, కొస జారుతుందని భయం. అందుకని బాపు కొసను ఇంకో చుట్టు తిప్పి లోపలికి దోపుతాడు. ఊళ్లో గౌండ్లందరూ నవ్వేవారు. ఉల్టా ముడి ఎల్లన్న అనేవారు. పది మోకులు కుప్ప పోసినా మా బాపుది ఏదో నేను ఐదేళ్లప్పుడే తీసి ఇచ్చేదాన్ని.

గిబ్బన్ చేతుల పైన ఉన్నది ఉల్టా ముడి. కొస ఇంకో చుట్టు తిరిగి లోపలికి దోపి ఉంది. ఫొటో తీసి ఇరవై రోజులే అయింది.

"అవ్వా" అన్నాను. ఫోను ఆమె ముందుకు చాచాను.

మా అవ్వ గంగవ్వ ఫోను తీసుకుని చూసింది. ముడి మీద వేలు పెట్టింది. తర్వాత ఫోనును చాప మీద బోర్లా పెట్టి, చెల్లాచెదురైన తంబాకు ఎత్తసాగింది.

"నాకు సూపియ్యకు బిడ్డా" అంది. "ఎట్లనో అట్ల మనసు రాయి చేసుకున్న. మల్ల ఆశ పెట్టకు."

ఆమె మనసు రాయి చేసుకున్నది శనివారం కోసం. శనివారం పెత్రమాస. పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు. బాపు అన్న, మా హన్మంతు పెద్దబాపు, ఈసారి ఆ పేర్లలో బాపు పేరు కూడా చెప్పించాలని పట్టుబట్టాడు. ఆ ఏడు ఆయన ఆటో రెండుసార్లు బోల్తా పడింది. పోయిన మనిషికి నీళ్లు వదలకపోతే ఇంటికి ఇలాగే అవుతుందని ఎవరో చెవిలో వేశారు. ఫోన్ మాట్లాడుకుంటూ నడిపితే ఎవరి ఆటో అయినా బోల్తా పడుతుందని నేను చెప్పాను. వింటేనా. బియ్యం ఇచ్చామంటే బాపు చనిపోయినట్టే. ఆ పొద్దే అవ్వ గాజులు, మెట్టెలు తీసేస్తారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఊరంతా చప్పట్లు కొడుతూ ఆడుతుంటే మా అవ్వ బోసి చేతులతో ఇంట్లో కూర్చోవాలి. ఆమె దానికి సరేనన్న రోజు నేను అన్నం ముట్టలేదు.

ఇప్పుడు నా చేతిలో ముడి ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పెద్దబాపు ఇంటికి పరిగెత్తాను.

పెద్దబాపు ఆటో కడుగుతున్నాడు. ఫోను ఆయన ముఖం ముందు పెట్టాను. తమ్ముడి ముడి అన్నకు తెలియకుండా ఉంటుందా? బకెట్ కింద పెట్టి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోను తీసుకుని నీడలోకి నడిచాడు. నా లోపల పండుగైంది. అంతలోనే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఫోటోల కుడి ఎడమైతది బిడ్డా. నేను ఆటో ముంగట నిలవడి సెల్ఫీ దిగితె, ఆటో మీది పేరంత ఉల్టా అచ్చింది. గిది గూడ గట్ల తీసిందేమో. సీదా ముడే గిట్ల కనవడతందేమో."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన అన్నదాంట్లో తప్పు లేనందుకు ఇంకా మండింది. ఆ ఫొటోలో ఒక బోర్డు లేదు, ఒక అక్షరం లేదు, సీదాదో ఉల్టాదో తేల్చడానికి.

"కొస మల్ల చుట్టి దోపింది సూడు" అన్నాను.

"భయమున్నోడు ఎవడైన దోపుతడు."

"అయితె నర్సింగం తాతకు సూపిద్దాం. ఆయన కాదంటె శనారం బియ్యం నేనే చెరిగి మూట గడ్త. కండ్లల్ల నీళ్లు గూడ పెట్ట."

"అవునంటె?"

"అవునంటె నువ్వు గా మాట మల్ల ఎత్తొద్దు."

పెద్దబాపుతో అలా మాట్లాడకూడదు. ఆయన బకెట్ మళ్లీ చేతికి తీసుకున్నాడు. "రేపు పొద్దుగాల పోదాం" అన్నాడు.

ఇంటికి వచ్చి ఫొటో పెట్టినావిడకు రాశాను. ఆవిడ పేరు ఫిలోమినా, కేరళ ఆవిడ, అక్కడ బడిలో టీచరు. పిల్లలను షేకు తోట చూపించడానికి తీసుకుపోయినప్పుడు తీసిన ఫొటో అట. గిబ్బన్ చేతులు తెల్లవో నల్లవో చూసి చెప్పగలరా అని అడిగాను. శుక్రవారం సెలవు, ఆ రోజు తోటలోకి ఎవరినైనా రానిస్తారు, పోయి చూస్తానని వెంటనే జవాబిచ్చింది. బాపు సంగతి కూడా రాయబోయి చెరిపేశాను. కంపెనీ వదిలి, కాగితాలు లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను అక్కడ కల్లివెల్లి అంటారు. ఫలానా మనిషి ఉన్నాడా అని కొత్తవాళ్లు అడిగితే, అందరికంటే ముందు ఆ మనిషే మాయమైపోతాడు. ముడి ఎవరిదో ఖాయం కాకుండా నోరు జారొద్దనుకున్నాను.

గురువారం కోరుట్లలో బస్సెక్కి, వేములవాడ మీదుగా సిరిసిల్లలో దిగి, అక్కడి నుంచి ముస్తాబాద్ ఆటోలో వెళ్లాం. దారంతా పెద్దబాపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం పది నిమిషాలకోసారి ఫోను తీసి ముడి ఉందో లేదో చూసుకున్నాను. ఎక్కడికి పోతుంది, అయినా చూసుకున్నాను.

నర్సింగం తాత చెట్టెక్కడం మానేసి పదేళ్లయింది. మోకాళ్లు పోయాయి, కళ్లు పోలేదు. అరుగు మీద కూర్చుని ఫోను చెయ్యంత దూరం పెట్టుకుని చూశాడు. మేం ఎందుకొచ్చామో పెద్దబాపు చెప్పాడు. సెల్ఫీలో ఆటో పేరు తిరగబడిన సంగతీ చెప్పాడు. తాత మధ్యలో చెయ్యెత్తి ఆపాడు.

"ముడి సంగతి ఆగుర్రి. ముందుగాల తాడు పురి సూపియ్యి" అన్నాడు.

తాడును పెద్దగా చేసి చూపించాను. పేటలు మెలితిరిగి ఏటవాలుగా పోతున్నాయి. తాత దొడ్లో బర్రెను కట్టిన తాడు విప్పుకురమ్మని పెద్దబాపును పంపాడు. సిరిసిల్ల బజారులో కొన్న తాడు. దాన్ని ఫోను పక్కన పరిచి పేటలను వేలితో రాసి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. బర్రె వాకిట్లోకి వచ్చి తిరుగుతున్నా ఎవరం పట్టించుకోలేదు.

"బజార్ల కొన్న తాడు ఏదైన పురి ఒక్క దిక్కే తిరుగుతది" అన్నాడు తాత. "ఫోటో ఉల్టా అయితె పురి గూడ ఉల్టా గావాలె గదరా హన్మంతూ. గాలేదు. రెండు తాళ్లది ఒక్క తీరే ఉన్నది. అంటె ఫోటో సీదానే. ముడే ఉల్టా."

ఇంత పెద్ద చదువు చదివిన నాకు తట్టలేదు అది. తాత బర్రె తాడుతోనే, ఎడమచేత్తో, అరుగు స్తంభానికి చకచకా ముడి వేశాడు. ఫొటోలో ఉన్నలాంటిదే. కొస మాత్రం బయటికి వేలాడుతోంది.

"గిది నాది. కొస దోపుడు నాకు తెల్వదు. గా దోపుడు ఎల్లనిది. ముడి మీద నమ్మకం లేకపోతె చెట్టెందుకు ఎక్కుతవురా అని ఎన్నిసార్లు తిట్టిన్నో." తాత నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "వాడు బతికే ఉన్నడు బిడ్డా. గా తాడు ఇంక ఎండకు మాయలేదు, గీ నడుమనే గట్టిండు."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వేశాను కూడా. ముస్తాబాద్ వాడకట్టు ఏమనుకుంటే నాకేం? పెద్దబాపు మాత్రం బర్రెను తోలుకుపోయి కట్టేసి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో సిరిసిల్ల బస్టాండు దగ్గర దిగి, డజను ఆకుపచ్చ గాజులు కొని సంచిలో పెట్టుకున్నాడు. ఎవరికని నేను అడగలేదు.

ఆ సాయంత్రం ఫిలోమినాకు అంతా చెప్పాను. ముడి సంగతి, పెత్రమాస సంగతి, గాజుల సంగతి. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. భయపడుతుందేమో అనుకున్నాను. ఆమె ఒకే ప్రశ్న పంపింది. పేరు పెట్టి పిలవకుండా, ఆయన భయపడి పోకుండా ఎలా ఆపాలి?

ఏం చెప్పాలో నాకు తెలిసిపోయింది. రికార్డింగ్ నొక్కి, ఆకు కత్తిరిస్తున్న అవ్వ ముందు ఫోను పట్టాను.

"బాపు చెట్టు మీదున్నప్పుడు నువ్వు గటుక గిన్నె పట్టుకొని కింద నిలవడి పిలుస్తుంటివి గద. గట్లనే ఒక్కపాలి పిలువు."

"నాకు శాతగాదు" అంది. నేను ఫోను దించలేదు. తాత ఏమన్నాడో అప్పటికే నాలుగుసార్లు చెప్పాను ఆమెకు. చెప్పిన ప్రతిసారీ వినబడనట్టు ఆకులు సర్దుకుంది. ఇప్పుడు కత్తెర పక్కన పెట్టింది. గొంతు సవరించుకుని, తల పైకెత్తి, ఇంటి కప్పు వైపు చూస్తూ పిలిచింది.

"దిగిరా, గటుక సల్లారుతంది."

ఒక్కసారే. నేనూ రెండోసారి అడగలేదు, అదే ఫిలోమినాకు పంపాను.

శుక్రవారం మేం బీడీలు ముట్టలేదు. పెద్దబాపు వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. అక్కడికీ ఇక్కడికీ గంటన్నర తేడా. ఇక్కడి పదకొండున్నరకు ఫిలోమినా రాసింది, గిబ్బన్ చేతులు తెల్లగా ఉన్నాయని. నాకు ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. తెల్లవైతేనేం, పచ్చవైతేనేం. వెంటనే ఇంకోటి వచ్చింది. బోనులో ఎత్తైన మొద్దు పైన ఒకాయన కూర్చుని తాడు కడుతున్నాడు, కాపలావాళ్లు ఇద్దరు దగ్గర్లోనే ఉన్నారు, వాళ్లు అటు పోగానే వినిపిస్తాను.

తర్వాత ఏమీ లేదు. తొమ్మిది నిమిషాలు. పెద్దబాపు లేచి వాకిట్లో తిరిగాడు. అవ్వ కదలకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. నేను మాత్రం ఆ తొమ్మిది నిమిషాల్లో ఎడారిలో ఉన్న కాపలావాళ్లందరినీ తిట్టాను.

ఐమో యాప్‌లో వీడియో కాల్ వచ్చింది. తొందరలో రెండుసార్లు తప్పు చోట నొక్కాను. ముందు ఆకాశం కనిపించింది, తర్వాత ఇనుప చువ్వలు, తర్వాత చువ్వల వెనక ఒక ముఖం. గడ్డం పూర్తిగా తెల్లబడింది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లు మాత్రం మా బాపువే.

అవ్వ పిలుపు మొదటిసారి వినిపించగానే ఆయన చేతులు ఆగిపోయాయట. రెండోసారికి అరచేతులు గీసుకుపోయేంత జోరుగా జారి దిగాడట. ఇవి ఫిలోమినా తర్వాత చెప్పింది. బాపు వెనక గిబ్బన్ ఊళ పెడుతోంది. ముందుగా మాట్లాడింది పెద్దబాపు.

"తమ్మీ, రేపు పెత్రమాసకు నీ పేరు మీద బియ్యం ఇద్దామనుకున్న. నన్ను తిట్టురా."

బాపు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇయ్యకున్రి అన్నా. నేను గీ కోతులకు మేత పెడుతున్న, తాళ్లు గడుతున్న. తిండికి బాధ లేదు. ఫోన్ ఉండనియ్యరు, గంతే."

"ఒక్కపాలన్న ఎవల ఫోన్ నుంచన్న చెయ్యకపోతివి" అన్నాను. ఏడుస్తూ కోప్పడ్డాను. మూడేళ్ల కోపం అది.

బాపు నా వైపు చూశాడు. "చేసిన బిడ్డా. డ్రైవర్ ఫోన్ అడుక్కొని ఎన్నిసార్లో చేసిన. మన నంబరు ఒక్కటే నాకు నోటికచ్చు. ఎవలో ఆడామె హిందీల తిట్టి పెట్టేసింది. మల్ల చేస్తె మల్ల తిట్టింది. నంబరు గూడ మార్చిండ్రు, నేనింక వద్దు అనుకున్నరేమో అనుకున్న. చేసుడు బంద్ వెట్టిన."

నా చేతిలో ఫోను బరువెక్కింది.

అప్పట్లో ఇంటర్నెట్ ఫ్రీ అని కొత్త సిమ్ము ఇస్తుంటే కోరుట్లలో లైన్లో నిలబడి తెచ్చింది నేను. జాబితా రాయడానికి ఫొటోలు చూడాలి కదా. పాత బటన్ ఫోను పాడైతే దాని సిమ్ము తీసి డబ్బాలో వేసింది నేను. రీచార్జ్ లేక అది ఎప్పుడు ఆగిపోయిందో, కంపెనీవాళ్లు ఎవరికి ఇచ్చేశారో చూసుకోనేలేదు. ఇక్కడ నేను ఎడారి ఫొటోల్లో మనుషులను వెతుకుతున్నప్పుడు, అక్కడ బాపు మా నంబరు నొక్కుతున్నాడు.

"నేనే మార్చిన బాపూ" అన్నాను. "నాది తప్పు."

బాపు ఏదో అనబోయాడు. కాపలావాళ్లు తిరిగి వస్తున్నారని ఫిలోమినా గొంతు తగ్గించి చెప్పింది. ఎంబసీలో తెలిసినవాళ్లున్నారు, కాగితాల సంగతి మాట్లాడతాను, కానీ ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేనంది. రెండు నిమిషాలే ఉన్నాయి.

అవ్వ నా చేతిలోంచి ఫోను గుంజుకుంది. ఎట్లున్నవని అడగలేదు. ఏడవలేదు. కొత్త నంబరు ఒక్కో అంకె చెప్పడం మొదలుపెట్టింది, బాపు వెనకే పలుకుతున్నాడు. బాపుకు రాయడం రాదు, ఏదైనా నోటితోనే పట్టుకోవాలి. మొదటిసారి ఐదో అంకె దగ్గర తప్పాడు. రెండోసారి చివర రెండూ తారుమారు చేశాడు.

"మల్ల చెప్పు" అంది అవ్వ.

ఫిలోమినా ఇక వెళ్లాలంటోంది. బాపు కళ్లు మూసుకుని, చువ్వ పట్టుకుని, పది అంకెలూ గడగడా చెప్పాడు. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

అవ్వ ఇంకోసారి చెప్పమంది.